మా ఇంటి మీసాల కథ

ఆడవాళ్ళ మీసాల గురించి రాస్తున్నానంటే మా వారు కళ్ళజోడు తీసి నా మొహం కేసి చూశారు. "పత్రికకి రాయడానికి ఇంకేమీ దొరకలేదూ?" అన్నారు.

దొరక్కేం? ఆవకాయ పాళ్ళ గురించి రాయవచ్చును. కాశీయాత్ర గురించి రాయవచ్చును. అవి రాసేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఈ సంగతి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండి, ఏ ఇంట్లోనూ లేనట్టే ఉంటుంది. స్నానాలగది గడియ పడ్డాక మొదలై, గడియ తీసేలోపల ముగిసిపోయే వ్యవహారం ఇది. మగపిల్లవాడికి నూగుమీసం వస్తే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆడపిల్లకి వస్తే ఇంటిల్లిపాదీ చూడనట్టు నటిస్తారు. ఆ నటనవల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలనిపించి కలం పట్టుకున్నాను.

ముందు మా వంశం సంగతి చెప్పాలి. మా నాన్నగారి వైపు ఆడవాళ్ళందరికీ ఒత్తయిన జుట్టు. జడ వేస్తే పిడికిట్లో ఇమిడేది కాదు. పెళ్ళిళ్ళలో ముత్తయిదువులు మా జడలు చేత్తో తూచి చూసి, "ఏం రాస్తారే?" అని అడిగేవారు. అయితే ఆ ఇచ్చినవాడు తలతో ఆగలేదు. బుగ్గలమీదా, మూతిమీదా, చేతులమీదా కూడా ధారాళంగానే ఇచ్చాడు.

దీనికి మా బామ్మ ఎరిగిన మందు ఒక్కటే, నలుగు. పెసలూ, శనగపప్పూ, కచ్చూరాలూ, బావంచాలూ, కస్తూరిపసుపూ కలిపి మరపట్టించి డబ్బాకెత్తి ఉంచేది. ఇంట్లో పసిపిల్ల పుట్టిందంటే చాలు, ఒళ్ళంతా నూనె పట్టించి, పిండిముద్ద తీసుకుని నుదుటిమీదా వీపుమీదా దొర్లించేది. పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. "ఏడవనీ. ఇప్పుడేడిస్తే రేపు పెళ్ళిచూపుల్లో నవ్వుతుంది" అనేది బామ్మ.

నన్నూ అల్లాగే దొర్లించారట. పెళ్ళిచూపుల్లో నవ్వానో లేదో వినండి.

1984లో మొదటి సంబంధం వాళ్ళు నన్ను చూడడానికి వచ్చారు. పెళ్ళికొడుకు తల్లిగారు నన్ను దగ్గిరకి పిలిచి, గడ్డం పట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పి, "పిల్ల కళగానే ఉంది. కాని మూతిమీద..." అని ఆగిపోయారు. ఆ మాట ఆవిడ పూర్తి చేయలేదు. నలభయ్యేళ్ళు దాటినా నా చెవుల్లో అది అల్లా సగంలోనే ఉండిపోయింది. ఆ సంబంధం ఎందుకు తప్పిందో మా వాళ్ళు చెప్పలేదు. కట్నం దగ్గిర తేలలేదన్నారు. నేను అడగలేదు. మర్నాడు నాన్నగారి సొరుగులో ముల్లు తీసే చిన్న చిమటా ఒకటి ఉంటే, ఎవరూ చూడకుండా తీసి నా కాటుకభరిణె పక్కన దాచుకున్నాను.

ఆ ఏడే మా వారితో పెళ్ళయింది. పసుపు కుంకాలతోబాటు చిమటా కూడా నాతో కాపురానికి వచ్చింది. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేదాన్ని. ఆయన లేవకముందు, దీపం కింద, చేతి అద్దం పట్టుకుని ఐదు నిమిషాలు. ముప్ఫై తొమ్మిదేళ్ళు అల్లా నడిచిపోయింది. ఆయనకి తెలియదని నా ధీమా.

ఇంతకీ నేను చేసిన ఉద్యోగం ఏమిటనుకున్నారు? జిల్లాపరిషత్తు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరుని. ముప్ఫై నాలుగేళ్ళు చెప్పి 2021లో రిటైరయ్యాను. "నల్లని వస్తువు వెలుగును మింగి వేడెక్కుతుంది. తెల్లని వస్తువు వెలుగును తిప్పికొడుతుంది. అందుకే ఎండలోకి నల్లబట్టలు వేసుకోకండర్రా" అని ఎన్ని వందలమంది పిల్లలకు చెప్పానో లెక్కలేదు. ఆ పాఠం తిరిగి తిరిగి నా గడ్డం మీదికే వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మాకు ఒక్కతే అమ్మాయి. వంశం జడ వచ్చింది. జడతోబాటు మిగతాది కూడా వచ్చింది. 2009లో, దానికి పదహారేళ్ళప్పుడు, ఒకరోజు బడినుంచి వచ్చి పుస్తకాలు బల్లమీద పడేసి, "అమ్మా, అబ్బాయిలు నన్ను కోరమీసం అని పిలుస్తున్నారు" అంది.

నేను పచ్చడి నూరుతున్నాను. తలెత్తకుండానే, "చదువుకునే పిల్లకి అద్దంతో పనేమిటి? కాస్త పసుపు రాసుకో, అదే పోతుంది" అన్నాను.

అది మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. సమస్య తీరిందనుకున్నాను.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. దానికి నెలసరి సరిగా వచ్చేది కాదు. రెండేసి నెలలకి, ఒక్కొక్కప్పుడు మూడేసి నెలలకి వచ్చేది. మా అమ్మనడిగితే, "మనవైపు అంతే. నీకు మాత్రం సరిగా వచ్చేదా? పెళ్ళయితే సర్దుకుంటుంది" అంది. నేనూ సరే అనుకున్నాను. మూతిమీద నూగు ఒక గదిలోనూ, నెలసరి సంగతి ఇంకొక గదిలోనూ పెట్టి రెండింటికీ తాళం వేశాను. ఆ రెండు గదులకూ మధ్య తలుపుందని సైన్సు టీచరునైన నాకు తోచలేదు.

చదువయ్యాక అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. 2023 సంక్రాంతికి కాకినాడ వచ్చింది. భోగినాడు తలంటుతానంటే వద్దంది. మెడకి చుట్టుకున్న చున్నీ రెండు రోజులనుంచీ తీయడంలేదు. నేనూరుకుంటానా? పీట వేసి కూర్చోబెట్టి చున్నీ లాగేశాను. దవడమీద, చెవి కిందనుంచి గడ్డందాకా, గోధుమరంగు మచ్చలు నాలుగు. అగ్గిపెట్టె పక్కన ముద్ర వేసినట్టు నలుచదరంగా, వరసగా ఉన్నాయి. ఏ జబ్బయినా అంత కొలతగా రాదు.

"ఏమిటే ఇది?"

"కాలిందమ్మా."

"ఎక్కడ?"

"బ్యూటీ పార్లర్లో. వెలుగుతో వెంట్రుకలు తీస్తామంటే వెళ్ళాను."

నాలుగు ముక్కల్లో చెప్పింది. తనుండే వీధిలో ఒక పార్లరు. ఆరు సిట్టింగులైతే జన్మలో మళ్ళీ మొలవదని బోర్డు పెట్టారు. అంతకు వారం ముందే ఇది స్నేహితురాళ్ళతో గోవా వెళ్ళి ఎండలో తిరిగి నల్లబడి వచ్చింది. వాళ్ళు అది అడగలేదు, ఇది చెప్పలేదు. చర్మం మీద కొద్దిచోట ముందు పరీక్షించి చూడడం కూడా లేదు. యంత్రం ముట్టించగానే, "మంటగా ఉంది" అందిట. "మంట పుడితేనే పని చేస్తున్నట్టు" అందిట ఆ చేసే పిల్ల. రాత్రికి బొబ్బలెక్కాయి.

అప్పుడు నేనేం అనాలి? "నొప్పిగా ఉందా తల్లీ?" అనాలి. నేనన్నదేమిటంటే, "ఎవరు చేయించుకోమన్నారు నిన్ను? నీ మొహానికేమొచ్చింది? ఈ వేషాలన్నీ ఎందుకు?"

అమ్మాయి బదులు చెప్పలేదు. నూనె తలతోనే లేచి నా గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడయింది. తిరిగి వచ్చి నా ముందు పీటమీద ఒక వస్తువు పెట్టింది.

చిమటా.

"మరి దీన్నేమంటారమ్మా?" అంది.

నాకు నోట మాట రాలేదు.

"నాకు పదేళ్ళప్పటినుంచీ తెలుసు. తెల్లవారుజామున దీపం వెయ్యడం చూసేదాన్ని. నువ్వు దాచుకుంటున్నావంటే అది దాచుకోవలసిందే కాబోలు అనుకున్నాను. నేనూ దాచుకున్నాను" అంది.

అది కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండును.

పండుగ వెళ్ళగానే దానితోబాటు గౌతమీ ఎక్స్‌ప్రెస్సెక్కి హైదరాబాదు వెళ్ళాను. చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గిరకి తీసుకువెళ్ళాను. నా ఈడుకన్నా పదేళ్ళు చిన్నది. కాలిన మచ్చలు చూసింది, లేపనం రాసిచ్చింది. తరవాత వెంట్రుకల గురించి మాట్లాడుతుందనుకుంటే, "నెలసరి ఎల్లా వస్తోందమ్మా?" అని అడిగింది. నేను తాళం వేసిన రెండు గదుల మధ్య తలుపు ఆవిడ ఒక్క మాటతో తీసేసింది.

ఆ పైన ఒక కాగితం తీసి, శరీరంలో తొమ్మిది చోట్ల చూసి, ఒక్కొక్క చోటికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసింది. ఫెర్రిమన్, గాల్వే అనే ఇద్దరు 1961లో మొదలుపెట్టిన పద్ధతిట ఇది. తరవాతివాళ్ళు కాస్త సవరించారట. జన్మంతా మార్కులు వేసినదాన్నే గాని, వెంట్రుకలకి కూడా మార్కులుంటాయని నాకు అప్పుడే తెలిసింది. నెత్తురు పరీక్షలు రాసింది. స్కానింగు రాసింది.

వారం తిరిగేసరికి తేలింది. పీసీఓఎస్. ఆడవాళ్ళ ఒంట్లో కూడా కొద్దిగా ఉండే మగ హార్మోన్లు ఈ స్థితిలో ఎక్కువవుతాయి. అండం నెలనెలా సరిగా విడుదల కాదు. మూతిమీదా గడ్డంమీదా నల్లటి గరుకు వెంట్రుకలు వస్తాయి. మొటిమలు వస్తాయి. ముందుముందు షుగరు వచ్చే అవకాశం కూడా హెచ్చు. షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే డాక్టర్లు దీన్ని 1935లోనే వర్ణించారు. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో ఇంచుమించు పదిమందికి ఒకరికి ఉంటుందట. అందరి మూతులూ అల్లా రావడానికి ఇదే కారణం కాదు. కొన్ని వంశాల్లో ఏ జబ్బూ లేకుండానే వస్తుంది. "కాని నెలసరి తప్పుతూ వెంట్రుకలు కూడా పెరుగుతుంటే, అది అందం సంగతి కాదమ్మా. ఒళ్ళు రాసిన ఉత్తరం. ముందు చదువుకోవాలి" అంది డాక్టరమ్మ.

పద్నాలుగేళ్ళ కిందట పచ్చడి నూరుతూ నేను ఆ ఉత్తరాన్ని చింపి పారేశాను.

అయితే పిల్ల వెలుగు వైద్యం మాట వదల్లేదు. "జబ్బుకి మందు వేసుకుంటాను, నడుస్తాను, తిండి చూసుకుంటాను. వెంట్రుకలు కూడా తీయించుకుంటాను. నాకోసమే, ఎవరి పెళ్ళిచూపులకోసమూ కాదు" అంది. డాక్టరమ్మ నవ్వి, "చేద్దాం. కాని మచ్చలు పూర్తిగా తగ్గాలి. అంతదాకా ఎండలోకి వెళ్ళకూడదు" అంది. మచ్చలు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

నాకో అనుమానం పట్టుకుంది. "ఈ కిరణాలతో రేపు కాన్సరు రాదుకదా?" అని అడిగాను. ఆవిడ నవ్వెయ్యలేదు. ఆ భయానికి కారణముందంది. 1896లో వియన్నాలో ఫ్రాయిండ్ అనే డాక్టరు ఒక చిన్నపిల్ల వీపుమీద వెంట్రుకలున్న పెద్ద పుట్టుమచ్చకి ఎక్స్‌రేలు పెట్టాడు. వెంట్రుకలు రాలాయి, చర్మం కూడా పుండుపడింది. అయినా తరవాత కొన్ని దశాబ్దాలపాటు ఎక్స్‌రేలతో వెంట్రుకలు తీసే దుకాణాలు వెలిశాయి. నున్నటి మొహాలతో ఇంటికి వెళ్ళిన ఆడవాళ్ళలో ఎందరికో ఏళ్ళు గడిచాక కాన్సరు పుట్టింది. "ఇది ఆ జాతి కిరణం కాదు. కణాల లోపలికి దూరి పాడుచేసే శక్తి దీనికి లేదు. ఇది వట్టి వెలుగు, వేడి. అయితే వేడి కూడా చేతకానివాళ్ళ చేతిలో పడితే ఏమవుతుందో మీ అమ్మాయి దవడమీదే ఉంది" అంది.

ఆ తరవాత ఆవిడ చెప్పింది వింటూంటే నాకు నా తరగతిగది గుర్తుకొచ్చింది. వెంట్రుకకి నలుపునిచ్చే పదార్థం మెలనిన్. చర్మానికి రంగునిచ్చేది కూడా అదే. వెలుగు చర్మంలోంచి లోపలికి దిగి, వెంట్రుకలోని నలుపుకి తగిలి, అక్కడ వేడిగా మారుతుంది. ఆ వేడికి వెంట్రుక కుదురు కమిలిపోతుంది. తెల్లచర్మం, నల్లవెంట్రుకా ఉన్నవాళ్ళకి ఇది సులువు. మన రంగు చర్మమైతే, వెలుగుని వెంట్రుక తాగేలోపల చర్మమే సగం తాగేస్తుంది. అదీ కాలడానికి కారణం.

మరి చర్మం కాలకుండా వెంట్రుక ఒక్కటే కమలడం ఎల్లా? దీని కిటుకు 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు. నాకు వంటింటి భాషలోనే అర్థమయింది. ఆవగింజనీ, బంగాళాదుంపనీ ఒకేసారి వేడి నీళ్ళలోంచి తీసి పళ్ళెంలో పెట్టండి. ఆవగింజ క్షణంలో చల్లారుతుంది. దుంప చెయ్యి పెట్టనివ్వదు. చర్మంలోని రంగు రేణువులు ఆవగింజలు. వెంట్రుక దుంప. వెలుగుని మరీ ఒక్కసారిగా కాకుండా, సెకనులో వందో వంతు, పదో వంతు చొప్పున నిదానించి పంపితే రేణువులు ఎప్పటికప్పుడు చల్లారిపోతాయి, వెంట్రుకలో మాత్రం వేడి పోగవుతుంది. పైనుంచి చర్మాన్ని చల్లబరుస్తూ ఉంటారు.

రెండో కిటుకు, వెలుగు రంగు. లేజరు మొట్టమొదట 1960లో కెంపురాయితో పుట్టింది. మైమన్ అనే ఆయన చేశాడు. దాని వెలుగు పొడవు 694 నానోమీటర్లు. వెంట్రుకలు తీయడానికి 1990ల్లో ముందు వాడినవాటిలో ఈ కెంపు లేజరు ఒకటి. పొడవు పెరిగినకొద్దీ వెలుగు చర్మంలోని రంగుకి అంతగా చిక్కకుండా లోతుకి దిగుతుంది. అందుచేత మనవంటి రంగువాళ్ళకి 1064 నానోమీటర్ల లేజరు క్షేమం. పార్లర్లో వాడింది అసలు లేజరే కాదు. అది ఫొటోలు తీసే ఫ్లాషులాంటి దీపం, అన్ని రంగుల వెలుగూ కలిసి వస్తుంది. అద్దం అడ్డుపెట్టి అక్కరలేని వెలుగును ఆపాలి. అది చేతనైనవాళ్ళు చేస్తే చెడ్డదేమీ కాదు. అక్కడ చేసినవాళ్ళకి చర్మం రంగు చూసి తగ్గించాలని తెలియలేదు, అంతే.

"సరే, ఇంటినుంచి వచ్చేముందు వెంట్రుకల్ని బ్లేడుతో గీసి రావాలి" అంది డాక్టరమ్మ.

నేను కుర్చీలోంచి లేచాను. "బ్లేడా? ఆడపిల్ల మొహానికా? ముళ్ళల్లా మొలవవూ?"

"మొలవవు. ఆ సంగతి 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే ఆవిడ పరీక్ష చేసి తేల్చింది. గీసిన వెంట్రుక కొన మొద్దుగా ఉండి గరుకు తగులుతుంది. లావవదు, ఎక్కువవదు. పీకడం మాత్రం కూడదు. కుదుట్లో వెంట్రుక లేకపోతే వెలుగు దేన్ని పట్టుకుంటుంది?"

నా బామ్మా, నా తల్లీ, నేనూ మూడు తరాలు నమ్మిన మాట తొంభై ఏళ్ళ కిందటే కొట్టుబడిపోయిందన్నమాట. మాకు ఉత్తరం అందలేదు.

మొదటి సిట్టింగు రోజున నేనూ లోపలికి వెళ్ళాను. ఇద్దరికీ నల్లటి కళ్ళజోళ్ళు పెట్టారు. చెవి వెనక కొద్ది చోట ముందే పరీక్షించి చూశారు కనక అమ్మాయి ధైర్యంగానే ఉంది. చల్లటి జెల్లు రాశారు. టక్కున ఒక చప్పుడు, సన్నటి వాసన. భోగిమంట దగ్గిర జుట్టు కమిలితే వచ్చే వాసన. రబ్బరుబాండు లాగి వదిలినట్టుందిట. "నా చెయ్యి పట్టుకోనక్కరలేదమ్మా" అంటూనే నా చెయ్యి పట్టుకుంది. పావుగంట కూడా పట్టలేదు.

ఒక్కసారితో ఎందుకు కాదో కూడా చెప్పారు. మొహంమీది వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని ఆగి ఉంటాయి, కొన్ని రాలడానికి సిద్ధంగా ఉంటాయి. ఒకే ఊళ్ళో చేలన్నీ ఒకేనాడు కోతకి రానట్టు. పెరుగుతున్నవే వెలుగుకి దొరుకుతాయి. మిగతావి పెరగడం మొదలెట్టినప్పుడు మళ్ళీ వెళ్ళాలి. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, ఆరో ఎనిమిదో సార్లు. జన్మలో మళ్ళీ రాదని ఎవరైనా బోర్డు పెడితే నమ్మవద్దంది. అమెరికా ప్రభుత్వం కూడా శాశ్వతంగా తగ్గిస్తుందని చెప్పుకోవడానికే అనుమతిచ్చింది, శాశ్వతంగా పోగొడుతుందని చెప్పుకోవడానికి కాదు. పైగా కొద్దిమందికి, ముఖ్యంగా మనవంటి రంగువాళ్ళకి మొహంమీద, దీనివల్లనే వెంట్రుకలు పెరగడం కూడా ఉందిట. అది ముందే చెప్పి, మధ్యమధ్య చూసుకుంటూ చేసింది.

అమ్మాయికి ఏడు సిట్టింగులయ్యాయి. నల్లటి గరుకు వెంట్రుకలు చాలామట్టుకు పోయాయి. మిగిలినవి సన్నబడ్డాయి. దానికన్నా ముఖ్యం, మందులతోనూ నడకతోనూ నెలసరి దారిలో పడింది. డబ్బు మాటంటారా, దానికి దానిదే జీతం. నేనిస్తానన్నా తీసుకోలేదు.

ఇంక నా సంగతి. ఏడో సిట్టింగు నాడు, అమ్మాయి బయట బిల్లు కడుతుండగా, డాక్టరమ్మతో మెల్లిగా అన్నాను: "మరి నాలాంటివాళ్ళకి కూడా చేస్తారా?"

ఆవిడ ఏమీ అనకుండా దీపం దగ్గిరకి లాగి, భూతద్దం పెట్టి నా గడ్డం చూసింది. 1984 తరవాత నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది మళ్ళీ ఈవిడే. ఈవిడ మాట సగంలో ఆపలేదు.

"టీచరుగారూ, వీటిలో ముప్పాతికమట్టుకు తెల్లబడిపోయాయి. తెల్లవెంట్రుకలో నలుపు ఉండదు. వెలుగుకి ఇవి కనపడవు."

నల్లనిది మింగుతుంది, తెల్లనిది తిప్పికొడుతుంది. నేను చెప్పిన పాఠమే. ఆలస్యంగా అప్పగించాను.

ఇంకా అడిగింది. వయసులో ఉన్నప్పుడు నెలసరి ఎల్లా వచ్చేదనీ, షుగరుందా అనీ. నలభై రెండో ఏట వచ్చిందన్నాను. "ఇప్పుడు రూఢిగా చెప్పలేను. కాని ఆ రోజుల్లో మీక్కూడా ఇదే ఉండి ఉండవచ్చును" అంది. తెల్లవాటికి వేరే దారి ఉందిట. సన్నటి సూది ఒక్కొక్క కుదుట్లోకి దింపి కరెంటు పంపడం. అమెరికాలో మిషెల్ అనే కళ్ళ డాక్టరు 1875లో, కంట్లో గుచ్చుకునే రెప్పవెంట్రుకలకోసం మొదలుపెట్టిన పద్ధతి. దానికి తెలుపూ నలుపూ భేదం లేదు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

కాకినాడ వచ్చాక, ఆ రాత్రి భోజనాల దగ్గిర మా వారికి అన్నీ చెప్పాను. అబ్బాయిలు పిల్లని ఏమని పిలిచారో, నేనేమన్నానో, డాక్టరమ్మ ఏం చెప్పిందో. చివరికి చిమటా సంగతి కూడా చెప్పాను. చెప్పడానికి ముప్ఫై తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "అదా? 1998లో పాతది తుప్పుపట్టి విరిగిపోతే కొత్తది ఎవరు పెట్టారనుకున్నావు?" అన్నారు.

నాకు జ్ఞాపకం వచ్చింది. విరిగిన చిమటా స్థానంలో మర్నాడు కొత్తది కనిపిస్తే, ఎప్పుడో నేనే కొని మరిచిపోయాననుకున్నాను.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?"

"నువ్వు దాచుకున్నదాన్ని నేను చూశానని చెప్పడం మర్యాద కాదనుకున్నాను" అన్నారు.

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముగ్గురం ఒక ఇంట్లో ఉన్నాం. ముగ్గురికీ తెలుసు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ముగ్గురం నోరు మూసుకున్నాం. అందులో ప్రేమ లేదనను. కాని ఆ మర్యాద చాటున ఒక పిల్ల జబ్బు పద్నాలుగేళ్ళు ఎవరికీ కనపడకుండా పెరిగింది. చివరికి ఆ పిల్ల మమ్మల్నెవరినీ అడగలేక, వీధిలో బోర్డు చూసి వెళ్ళి దవడ కాల్చుకుంది. కాల్చింది యంత్రం. పంపింది మేము.

ఇది చదివి అందరూ యంత్రాల దగ్గిరకి పరుగెత్తమని నా ఉద్దేశం కాదు. ఉన్నవి ఉండనీ అనుకునే పిల్లని అల్లాగే ఉండనివ్వండి. ఆ మొహం ఆమెది. తీయించుకుంటానంటే, చర్మం సంగతి తెలిసిన డాక్టరు దగ్గిరకి పంపండి. కొద్ది చోట పరీక్షించి చూడమని అడగమనండి. నెలసరి కూడా తప్పుతోందంటే ముందు ఆ పరీక్షలు చేయించండి. వీటన్నిటికన్నా ముందు, ఇంట్లో పదహారేళ్ళ పిల్ల వచ్చి ఏదైనా చెప్పబోతే, నూరుతున్న పచ్చడి ఒక్క క్షణం ఆపి తలెత్తండి.

సూది వైద్యం నేను చేయించుకోలేదు. చిమటా ఇప్పుడు బీరువాలో లేదు. కిటికీ గూట్లో, దువ్వెన పక్కన, అందరికీ కనపడేలా ఉంటుంది. తెల్లవారుజామున లేవడం మానేశాను. టిఫినయ్యాక, మంచి ఎండ వెలుతుర్లో, తీరిగ్గా కూర్చుని తీసుకుంటాను. మా వారు పక్కనే పేపరు చదువుకుంటూ ఉంటారు.

మొన్న అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, ఏడాదికి మళ్ళీ నాలుగు మొలిచాయే. ఇంకొక్కసారి వెళ్ళాలి" అంది.

"నాలుగేనా? నాకు ఇవాళ ఐదు" అన్నాను.